కొన్న అడ్రసులు

అయినా ఈమెయిల్ అడ్రసులు కొనడం దొంగతనమెలా అవుతుంది, ప్రకటనల మెయిళ్ళు పంపే ఈ వ్యాపారంలో అందరూ చేసేదే కదా అని అన్నయ్య తనకు తాను సర్దిచెప్పుకుంటున్నాడు. ఎదురుగా చెల్లెలు ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

“చదువన్నయ్యా. ‘కాబోయే అమ్మకు శుభాకాంక్షలు! మీ బుజ్జాయి ఉయ్యాల మీద ప్రత్యేక తగ్గింపు.’ కడుపు పోయి నెల తిరగలేదు, నాకు ఉయ్యాలట!”

అతను చదవక్కర్లేదు. పసిపిల్లల సామాన్లమ్మే దుకాణం కోసం ఆ మాటలు రాసి పంపింది అతనే. గర్భిణుల అడ్రసులంటూ ఎవడో అమ్మితే, ఎక్కణ్ణుంచి తెచ్చావని అడగకుండా కొన్నాడు.

“స్కానింగ్ సెంటర్లో తప్ప ఈ అడ్రసు నేనెవరికీ ఇవ్వలేదు. నీదీ మెయిళ్ళు పంపే పనేగా! నా అడ్రసు కొన్నవాడెవడో పట్టుకో. వాడి మొహాన ఉమ్మేసి వస్తాను.”

“ముందు నీళ్ళు తాగమ్మా.”

“నీళ్ళొద్దు, వాడు కావాలి.”

ఆమె కళ్ళు తుడుచుకుంటుండగా అతను కంప్యూటర్లో ఆమె అడ్రసు వెతికి తీసేశాడు. గుండె కాస్త తేలికపడింది.

“ఊరుకో. ఇక నీకు రావులే.”

“నీకెలా తెలుసు?”

అతను తెర వైపు చూశాడు. సాయంత్రం వెళ్ళాల్సిన రెండో మెయిలు అక్కడ సిద్ధంగా ఉంది. అది ఆమెకు తప్ప అందరికీ వెళుతుంది. ఆ అందరిలో ఇలా ఏడ్చేవాళ్ళు ఇంకెందరున్నారో అని మొదటిసారి అనిపించింది.

“నిన్నే, అన్నయ్యా.”

అతను తెరను మెల్లగా ఆమె వైపు తిప్పాడు.