మోకాళ్ల లోతు

కెరటం పాదాలకు తగలగానే డాక్టర్ ఫర్హా కెవ్వున అరిచి, అప్పలరాజు చెయ్యి పట్టుకుంది.

"ఏటి మేడమ్ నటన! సినిమాల్లో సేరిపోకపోయారా?" అని నవ్వాడు అప్పలరాజు.

ఫర్హా నవ్వలేదు. చెయ్యి వదల్లేదు.

అతను నవ్వడం ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి.

విశాఖ జాలరిపేటలో పుట్టి, మీసాలు రాకముందే వేటకు వెళ్లినవాడు అప్పలరాజు. పడవ తిరగబడి తమ్ముడు బాబీ పోయిన దగ్గర్నుంచీ గుమ్మం దిగలేదు. కెరటాల చప్పుడు వినలేక చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

"నిద్దర్లో కూడా కేకలెడతన్నాడు డాక్టరమ్మా," అని అతని భార్య పోతమ్మ పెద్దాసుపత్రిలో బతిమాలి, ఈ మనసు డాక్టరును ఇంటికి తీసుకొచ్చింది.

"నాకేటి పిచ్చా? ఎల్లిపొమ్మను," అని అప్పలరాజు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఫర్హా ప్రశ్నలేమీ వెయ్యలేదు. పోతమ్మ ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"అన్నా, నాకు సముద్రమంటే భయం. నీళ్ల దాకా తీసుకెళ్తావా?"

తనను బయటికి లాగడానికి వేసిన ఎత్తని అప్పలరాజుకు అర్థమైపోయింది. అయినా ఇంటికొచ్చిన ఆడపిల్ల నోరు తెరిచి అడిగింది. కాదనలేకపోయాడు.

మొదటి ఆదివారం ఒడ్డున పడవల దాకా వెళ్లారు. రెండో ఆదివారం తడి ఇసుక దాకా. మూడో ఆదివారమే ఆ కెవ్వుకేక.

ఆరో ఆదివారానికి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డారు. ఆమె వేళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

"కెరటానికి ఎదురు నిలబడకండి మేడమ్. పక్కకి తిరగండి. నాను పట్టుకునే ఉన్నాను కదా..."

చెప్తూ చెప్తూ ఆగిపోయాడు.

"ఆ రోజు ఆడు రానన్నాడు మేడమ్. జొరం. నానే లాక్కెళ్లాను."

పోతమ్మతో కూడా అనని మాట అది.

ఫర్హా ఊరుకోమనలేదు. నీ తప్పు కాదనీ అనలేదు. అతని ఏడుపు ఆగేదాకా ఆ నీళ్లలోనే నిలబడింది.

నెల తిరక్కుండా అప్పలరాజు వేటకు వెళ్లాడు.

వలలో పడ్డ పెద్ద వంజరాన్ని తడిగుడ్డలో చుట్టుకుని, వన్‌టౌన్‌లో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. ఫర్హా తల్లి మహబూబున్నీసా తలుపు తీసింది.

"మొన్ననే భోపాల్ వెళ్లిపోయింది బేటా. అక్కడ కొత్త ఉద్యోగం."

అప్పలరాజు ముఖం చిన్నబోయింది. చేప ఆమె చేతికిచ్చాడు.

"నన్ను మళ్లీ మనిషిని సేసిందమ్మా మీ పాప. నా కోసం ఎంత బాగా నటించిందనుకున్నారు! మోకాళ్ల నీళ్లకే గజగజ వణికిపోయేది."

మహబూబున్నీసా తలుపు పట్టుకుంది.

"నీళ్లలోకి దిగిందా? మా ఫర్హా?"

"అవునమ్మా. నా సెయ్యి పట్టుకుని."

ఆమె చేపను గడప పక్కన దించింది.

"దానికి పదేళ్లప్పుడు, ఆడుకుందామని నాకు చెప్పకుండా తమ్ముణ్ణి బీచికి తీసుకెళ్లింది బేటా. ఒక్కతే తిరిగొచ్చింది. ఆ తర్వాత ఈ ఇరవై రెండేళ్లలో అది సముద్రం వైపు కన్నెత్తి కూడా చూడలేదు."