ముసలమ్మ దగ్గు

కారు మళ్లీ దగ్గింది. వారంలో ఇది నాలుగోసారి.

ఆమె బానెట్ ఎత్తి, వీలైనంత దిగులు మొహం పెట్టింది. పెళ్లయి నలభై రోజులే. దిగులు నటించడం ఇంకా చేతకాలేదు. పెదవి చివర నవ్వు జారిపోతూనే ఉంది.

"ఇవాళ ఎన్నో నంబరంటారు?"

"రోగిని చూడకుండా రోగం చెప్పకూడదు అసిస్టెంటు గారూ," అన్నాడతను చొక్కా చేతులు మడుస్తూ. "టార్చి పట్టు."

కారు ఆమెదే. పదహారేళ్ల పాతది. పిన్ని దగ్గర కొనుక్కుంది. ముద్దుపేరు ముసలమ్మ. అతను కార్ల షెడ్డులో ఇంజెక్టర్ల మనిషి. ఇంజన్లోకి పెట్రోలును తుంపరలా చిమ్మే ఆ వేలెడంత గొట్టాలు ఏ బండిలో మొరాయించినా అతని బల్ల మీదికే వస్తాయి. అందుకే ఇంటికి రావడం రోజూ తొమ్మిదింటికి. తిండి, నిద్ర. కొత్త పెళ్లాంతో కబుర్లన్నీ ఆవులింతల మధ్యే.

పోయిన ఆదివారం ముసలమ్మకు అతనే స్నానం చేయించాడు. బానెట్ కింద కూడా శ్రద్ధగా తుడిచాడు. సోమవారానికి దగ్గు మొదలైంది.

"నీళ్లు పడినట్టు లేవు," అని ఆమె షెడ్డుకు ఫోన్ చేసింది.

షెడ్డు ఓనరు ఎవరినీ పెందలాడే పంపడు. కానీ, "నా మెకానిక్ ఇంట్లో బండి మూలపడితే పోయేది నా పరువు. ముందు దాని సంగతి చూడు, ఫో," అని తరిమాడట. ఐదున్నరకల్లా మొగుడు గుమ్మంలో ఉన్నాడు.

ఆ రోజు పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఒక్కో ఇంజెక్టరు మీదా ఆనించి, పిడిని ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఒకటోది, టిక్‌టిక్‌టిక్. రెండోదీ అంతే. మూడోది మాత్రం అన్నం తినని మనిషిలా నీరసంగా కొట్టుకుంటోంది. తర్వాత ఒక్కోదాని వైరూ ఊడదీసి చూశాడు. మిగతావి ఏది తీసినా ఇంజన్ తడబడింది. మూడోది తీస్తే ఉలకలేదు, పలకలేదు.

"పనిచేసేవాణ్ని తీసేస్తే తెలుస్తుంది. పనిచెయ్యనివాణ్ని తీసేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"మా ఆఫీసులోనూ అంతే," అంది ఆమె.

విప్పడం కూడా నేర్పాడు. ముందు పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడపాలి. లేకపోతే పెట్రోలు మొహాన కొడుతుంది. రెండు బోల్టులు, ఒక క్లిప్పు. రబ్బరు రింగుకు చుక్క నూనె. ఒకటికి రెండుసార్లు, చంటిపిల్లకు ఓనమాలు దిద్దించినట్టు చూపించాడు. అదృష్టం కొద్దీ మంచి ఇంజెక్టరు ఒకటి జేబులోనే ఉంది. దాన్ని బిగించి, చెడ్డదాన్ని కిటికీలోని బిస్కెట్ల డబ్బాలో పడేశాడు.

"పారెయ్యరా?"

"ఉండనీ. ఎప్పుడు ఏది పనికొస్తుందో!"

ఆ రెండు గంటల్లో ఆమెకు బోలెడు తెలిశాయి. అతను ఈల బాగా వేస్తాడని. చిన్నప్పుడు గోడగడియారం విప్పి వీపు విమానం మోత మోగించుకున్నాడని. ముక్కు మీద గ్రీజు అంటితే మరీ ముద్దొస్తాడని.

మంగళవారం మళ్లీ తొమ్మిదింటికి వచ్చాడు. తిండి, ఆవులింత, నిద్ర.

బుధవారం పొద్దున అతను అటు వెళ్లగానే ఇటు ఆమె డబ్బా మూత తీసింది. చెడ్డ ఇంజెక్టరు కిందివైపు, ఆకురాయితో గీసిన చిన్న ఇంటూ గుర్తు ఉంది. పోల్చుకోవడానికి అది చాలు. దాన్ని రెండో నంబరులో బిగించి, అక్కడి మంచిదాన్ని డబ్బాలో దాచింది.

సాయంత్రం ఐదున్నరకు మొగుడు హాజరు!

గురువారం నాలుగో నంబరు. ఇవాళ శుక్రవారం, ఒకటోది. రోజూ అతను చెడ్డదాన్ని కనిపెట్టి తీస్తాడు. "విచిత్రం!" అంటాడు. తిప్పి చూడనైనా చూడకుండా డబ్బాలో వేసి, అందులోని మంచిదాన్ని తీసి బిగిస్తాడు. ఊరందరికీ నిపుణుడే, కళ్లెదుటి గుర్తు మాత్రం కనబడదు! మగాళ్లంతే అనుకుని, ఆమె చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

పానాలు సర్దుతూ అతనన్నాడు, "షెడ్డుకు కొత్త టెస్టింగు మిషను వస్తోంది. నన్నే దానికి పెద్దని చేద్దామనుకున్నాడు ఓనరు. ఇప్పుడేమో, సొంత పెళ్లాం బండి బాగుచెయ్యలేనివాడికా అంటున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని అందరూ ఒకటే ఏడిపించడం."

నవ్వుతూనే చెప్పాడు. ఆమె మాత్రం నవ్వు మాని కిటికీలోని డబ్బా వైపు చూసింది.

శనివారం మధ్యాహ్నం, అతను ఎవరిదో బండి నడిపి చూడ్డానికి వెళ్లిన సమయం చూసుకుని, ఆమె డబ్బా పట్టుకుని షెడ్డుకు వెళ్లింది.

"బాబాయ్ గారూ, మా ఆయన పనిలో ఏ లోపం లేదండీ. ఈ చెడ్డదాన్ని రోజుకో చోట బిగిస్తున్నది నేనే. బండి పాడైతే పెందలాడే వస్తారు కదాని..." ఆమె మొహం కందిపోయింది. "ఆ మిషను ఆయనకే ఇవ్వండి."

ఓనరు నుదుటి మీది కళ్లజోడు దించుకున్నాడు. ఇంజెక్టరును తిప్పి, ఇంటూ గుర్తు మీద బొటనవేలితో రుద్దాడు. అతని బొజ్జ మెల్లగా కదలడం మొదలుపెట్టింది.

"ఈ గీత నాదేనమ్మా, చచ్చిన ఇంజెక్టరును మళ్లీ ఎవరూ బిగించకుండా గీసి చెత్తడబ్బాలో వేస్తాను, పోయిన శనివారం మీ ఆయన దీన్ని అందులోంచి ఏరి జేబులో వేసుకుంటుంటే, ఎందుకురా అంటే, 'దీంతో ఇంట్లో చిన్న పనుంది బాబాయ్' అన్నాడు!"