గురగుర

"ముందు నన్ను జరుపు, తరవాత దాన్ని విప్పుదువుగాని," అంటూ అత్తగారు కంప్యూటర్ ముందున్న కుర్చీలో బైఠాయించింది.

స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డ మెకానిక్ ఆవిడ కొడుకు మొహం చూశాడు. కొడుకు తల పట్టుకున్నాడు. ఇంటి ప్లాన్లు గీసే భార్య ఏదో సైటు చూడటానికి వెళ్లింది. వచ్చేలోగా ఆ డొక్కు హార్డ్ డిస్క్ తీయించి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు పాపం. కన్నతల్లే అడ్డం పడుతుందని కలగన్నాడా?

"అమ్మా, ఈ కంప్యూటర్ లేచేసరికి పొద్దు నెత్తికెక్కుతోంది. ఇది వేస్తే చిటికెలో లేస్తుంది. లోపల తిరిగేదేమీ ఉండదు, చప్పుడూ ఉండదు."

"చప్పుడే లేనిదాన్ని ఎలా నమ్మడంరా? హార్డ్ డిస్క్ అయితే పోయేముందు మూలుగుతుంది, మనం జాగ్రత్తపడొచ్చు. నీ ఎస్‌ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోతుందట. పైగా రాసేకొద్దీ అరుగుతుందట."

కొడుకు నోరు తెరిచాడు. టీవీ రిమోట్‌లో రెండు బటన్లు తప్ప ఎరగని తల్లి ఇంత శాస్త్రం ఎక్కడ వంటబట్టించుకుందో అతనికి అంతుపట్టలేదు. కొత్తది వేయిద్దామనే మాట ఇంట్లో వినపడ్డ దగ్గర్నుంచీ ఆవిడ కనిపించిన వాళ్లందర్నీ అడిగి పోగేసిన చదువది. అవన్నీ నిజమే గానీ, వేరేచోట ఒక కాపీ దాచుకుంటే దేనికైనా భయం లేదని మెకానిక్ సర్దిచెప్పబోయాడు. ఆవిడ వింటేగా.

"కోడలు సుఖపడితే నీకేంటమ్మా నష్టం?" అన్నాడు కొడుకు.

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. నష్టమేంటో చెప్తే నవ్వుతాడు. కోడలు ఒకసారి పనిలో పడిందంటే లోకం ఎరగదు, తిండి కూడా ఆ తెర ముందే. పొద్దున్నే వచ్చి పెట్టె బటన్ నొక్కాక, అది గురగురలాడుతూ లేచేదాకానే ఆ పిల్ల అత్తగారిది. కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గట్టెక్కి కూర్చుని, "వినిపిస్తోందా అత్తయ్యా, ఇంకా లేవలేదు. మనకు టైముంది," అంటుంది. ఇక మోకాళ్ల నొప్పుల నుంచి పక్కింటావిడ కొత్త కర్టెన్ల దాకా అన్నీ దొర్లుతాయి. కోడలు తన కాంట్రాక్టర్ నడక నడిచి చూపిస్తే ఈవిడ పొట్ట పట్టుకుని నవ్వుతుంది. కాఫీ అయ్యాక కోడలు వెళ్లి తెర స్విచ్ వేసుకుంటుంది. అంతే, మళ్లీ చీకటిపడేదాకా మనిషి దొరకదు. చిటికెలో లేచేది వస్తే ఆ కాస్త కబురూ పోతుంది. రోజు మొత్తం మీద ఆవిడకి ఉన్నది అదొక్కటే.

అయినా కోడలెప్పుడైనా మార్చమందా? మొగుడు ఎన్నిసార్లు అడిగినా "ఉండనివ్వండి, పని జరుగుతోందిగా" అనే అంటుంది. ఎంత సర్దుకుపోయే పిల్లో అని అత్తగారు మురిసిపోయేది. ఆ మంచితనాన్ని తను వాడుకుంటున్నానేమోనని లోలోపల నొచ్చుకునేది కూడా.

ఇంతలో కొడుక్కి ఫోనొచ్చింది. మీ పని కానివ్వండని మెకానిక్‌కి సైగ చేసి బాల్కనీలోకి వెళ్లాడు. అత్తగారు కుర్చీలోంచి లేచి గొంతు తగ్గించింది.

"బాబూ, నీకు పుణ్యముంటుంది. ఇది ఈ కంప్యూటర్‌కి పట్టదని మావాడితో ఒక్క ముక్క చెప్పు."

"ఎందుకమ్మా?"

"అది తొందరగా లేస్తే మా కోడలు నాకు దొరకదు."

అనేశాక ఆవిడకి సిగ్గేసింది. మెకానిక్ నవ్వాపుకున్నాడు. అబద్ధమాడినా విప్పి చూసినట్టయినా ఉండాలి కదా అని పెట్టె పక్క మూత తీశాడు. లోపలికి టార్చి వేసి చూశాడు. మొహం ఇంకా దగ్గరగా పెట్టి మళ్లీ చూశాడు.

"అమ్మా, నేను అబద్ధం చెప్పనక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ ఇందులో ఎప్పుడో వేశారు. పట్టిన దుమ్ము చూస్తే ఏడాది పైమాటే. ఇది బటన్ నొక్కగానే లేస్తుంది."

"మరి రోజూ ఆ గురగుర?"

"అది పాత డిస్కే. తీసెయ్యకుండా అలాగే ఉంచారు. కంప్యూటర్‌తో కలిపే తీగ పీకేశారు, కరెంటు తీగ మాత్రం వదిలేశారు. ఏ పనీ చెయ్యదు, ఊరికే తిరుగుతూ చప్పుడు చేస్తుందంతే. ఎవరు చేయించారో, ఎందుకు చేయించారో మరి."

అత్తగారు వంటింటి గట్టు వైపు చూసింది. కింద గేటు తెరుచుకుంది. మెట్ల మీద కోడలి చెప్పుల చప్పుడు వినిపించింది.

"తొందరగా మూసెయ్ బాబూ," అంది ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంటూ. "ఆ కరెంటు తీగ మాత్రం ఇంకాస్త గట్టిగా బిగించు."