ఐసు కిడ్నీ, మిషను కిడ్నీ

"ఇదెక్కడి న్యాయం సిస్టర్? జన్మంతా మిషను తొక్కింది నేను. మిషను కిడ్నీ మాత్రం ఆవిడకా?"

ఆపరేషన్ గౌను వేసుకుని, స్ట్రెచర్ మీద బాసింపట్టు వేసుకు కూర్చుని మరీ గొడవకు దిగింది టైలరమ్మ. పక్క స్ట్రెచర్ మీద పంతులమ్మ ముసిముసిగా నవ్వుకుంటోంది. ఎవరో ఒక పుణ్యాత్ముడు పోతూ పోతూ ఇచ్చిన రెండు కిడ్నీల్లో ఒకటి ఈవిడకి, ఒకటి ఆవిడకి వస్తున్నాయి.

"ఉన్నది ఒక్కటే మిషనమ్మా," అంది నర్సు. "రెండూ చల్లగానే ఉన్నాయి. మీదాన్ని మందునీళ్ళ సంచిలో వేసి ఐసుపెట్టెలో పెట్టారు. ఆవిడదానికి మిషను ఆ చల్లటి మందునీళ్ళనే లోపలినుంచి పారిస్తూ ఉంటుంది. అంతే తేడా."

"అంతేనా? మరి ఏది ముందు పనిచేస్తుంది?"

"ఐసులోంచి వచ్చింది ఒక్కోసారి కాస్త ఆలస్యంగా మేలుకుంటుంది."

"అసలు మేలుకోకపోతే?"

"మళ్ళీ డయాలసిస్సే. అయినా శుభమా అని వెళ్తూ ఆ మాటలెందుకమ్మా!"

పంతులమ్మ ఊరుకుంటుందా? "విన్నావా వదినా! నావాడికి పొద్దుటినుంచి స్నానాలూ మర్దనాలూనూ. నీవాడు పాపం ఐసులో ముడుచుకు పడుకున్నాడు."

"చాల్లే సంబడం! నీవాడు గారాబంతో చెడిపోతాడు చూడు."

డయాలసిస్ గదిలో పక్కపక్క మంచాల మీద పరిచయమైనవాళ్ళు. ఆ వదిన వరస వాళ్ళు కలుపుకున్నదే.

"ఇవాళ్టినుంచి వదినలం కూడా కాదే," అంది పంతులమ్మ. "ఒకింటి అన్నదమ్ముల్ని తెచ్చుకుంటున్నాం కదా, తోడికోడళ్ళం. సరే, పందెం! ఎవరివాడు ముందు పనిలోకి దిగితే వాళ్ళు గ్లాసుడు నీళ్ళు గటగటా తాగాలి. రెండోవాళ్ళు చూసి కుళ్ళుకోవాలి."

గ్లాసుడు నీళ్ళు! ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారిలేక, ఇద్దరూ ఏళ్ళ తరబడి నాలుక తడుపుకుని సరిపెట్టుకుంటున్నవాళ్ళే. టైలరమ్మ గుటక మింగి, "పందెం!" అంది.

ఆపరేషన్లు అయ్యాయి. ఇద్దరినీ ఒకే గదిలో, మధ్య తెర కట్టి పడుకోబెట్టారు. టైలరమ్మ కళ్ళు తెరిచింది మొదలు మంచం పక్కన వేలాడే మూత్రం సంచినే చూస్తోంది. అది పొడిగా ఉంది. మర్నాడూ అంతే. ఆ పైరోజు మళ్ళీ డయాలసిస్ చేశారు. పిల్లలు వచ్చి ధైర్యం చెబితే తల ఊపింది కానీ, వాళ్ళు వెళ్ళగానే దిండు తడిసింది.

"వదినా, వచ్చిందా?" తెర అవతలినుంచి గొంతు.

"లేదు వదినా. నీకు?"

"నాకూ లేదే. మిషను వాడు ఒట్టి సోమరిపోతు."

"మరి ఆ టింగుటింగు చప్పుడేమిటి?"

"చెంచాతో ఐసుముక్క చప్పరిస్తున్నానే తల్లీ! నోరు పిడచకట్టుకుపోతోంది."

టైలరమ్మకి సగం దిగులు తీరింది. అంత రాజభోగం అనుభవించి వచ్చినవాడే లేవకపోతే, ఐసుగడ్డల మధ్య నలిగినవాడు లేవలేదని ఏడవడం దేనికి? ఆ చెంచా చప్పుడు వింటూ హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాత కూడా బెంగ పుట్టినప్పుడల్లా "వదినా, నీకు?" అనడం, "లేదే" అనిపించుకోవడం, కుదుటపడడం.

ఒకరోజు పొద్దున్నే నర్సు సంచి చూసి చప్పట్లు కొట్టినంత పని చేసింది. అడుగున పచ్చగా, బంగారంలా మెరుస్తోంది. మధ్యాహ్నానికి సగం నిండింది. "మేలుకుందమ్మా మీ ఐసు కిడ్నీ! ఇక నీళ్ళు తాగొచ్చు," అంటూ గ్లాసు నిండా పోసి చేతికిచ్చింది.

'వదినా, గెలిచానే!' అని అరవబోయి, తెర వైపు చూసి నోరు మూసుకుంది టైలరమ్మ. అవతల టింగుటింగుమని చెంచా చప్పుడు. పాపం, ఇంకా ఐసుముక్కే. ఇన్నాళ్ళూ తోడున్న మనిషిని ఇప్పుడు ఒంటరిదాన్ని చెయ్యడానికి నోరెలా వస్తుంది?

"సిస్టర్," నర్సు చెయ్యి పట్టుకుని గుసగుసలాడింది. "ఆవిడకి చెప్పకండి. నా మీద ఒట్టే! మనసు విరిగిపోతుంది."

నర్సు అదోలా చూసింది. పెదవి కొరుక్కుంది. టైలరమ్మ సంచిని తెరవైపు కాకుండా మంచానికి గోడవైపు తగిలింపజేసి, పైన తువ్వాలు కప్పించింది.

"వదినా, వచ్చిందా?"

"ఎక్కడ వదినా! మొద్దునిద్ర."

"దిగులుపడకే. నేను లేనూ? ఇద్దరికీ ఒక్కసారే వస్తుందిలే."

టైలరమ్మకి కళ్ళు చెమర్చాయి. గుటక వినపడకుండా ఒక్కో చుక్కే గొంతులోకి జార్చుకుంటోంది. ఎన్నేళ్ళకి చల్లటి నీళ్ళు! ఆశ ఆపుకోలేక ఒక్కసారి పెద్ద గుక్క వేసింది. పొలమారింది. ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే గ్లాసు జారి నేలమీద ఖంగుమంది.

"వదినా! ఏమైందే? సిస్టర్, సిస్టర్!" అవతలినుంచి పంతులమ్మ గావుకేక.

నర్సు పరుగెత్తుకొచ్చి వీపు నిమిరింది. నేలమీద నీళ్ళు చూసింది, తువ్వాలు కప్పిన సంచి చూసింది. ఇక నవ్వాపుకోలేకపోయింది.

"మీ ఇద్దరి ఒట్లూ మొయ్యడం నావల్ల కాదమ్మా!" అంటూ తెర పట్టుకుని సర్రున లాగేసింది.

అవతలి మంచం మీద పంతులమ్మ గతుక్కుమంది. ఆవిడ మంచం పక్కనా ఒక సంచి, దానిమీదా ఒక తువ్వాలు. ఒళ్ళో సగం ఖాళీ అయిన నీళ్ళ జగ్గు, చేతిలో చెంచా.

"ఈవిడది ఆపరేషన్ బల్ల మీదే మేలుకుందమ్మా," అంది నర్సు. "జగ్గులకి జగ్గులు తాగుతోంది, గుటక మీకు వినపడుతుందని అన్నీ చెంచాతోనే!"