మా వంశంలోనే లేదు

"టైలర్ గారూ, మీ మడమకు గుండుసూది గుచ్చుకుంది."

చొక్కాకు గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి అన్నాడు.

టైలర్ మిషన్ ఆపి చూసుకున్నాడు. సూది సగం లోపలే ఉంది. కింద రక్తం మరక.

"నొప్పి తెలియలేదా?"

"పాతికేళ్లుగా మిషన్ తొక్కుతున్న కాలండీ. మొద్దుబారిపోయింది."

"ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి."

టైలర్ పకపకా నవ్వాడు.

"షుగరా? మా వంశంలోనే లేదు! అదిగో మా అమ్మ. డెబ్భై ఎనిమిదేళ్లు. టీలో మూడు చెంచాల పంచదార పడకపోతే ఇంట్లో యుద్ధమే!"

మూలన కాజాలు కుడుతున్న అమ్మ తలెత్తలేదు.

వారం తిరగ్గానే ఆయన ఇంకో తెగిన గుండీతో వచ్చాడు.

"పరీక్ష చేయించారా?"

"ఏ ల్యాబ్ వాళ్లు పంపారండీ మిమ్మల్ని? కమీషన్ బాగా ముడుతోందా?"

మూడోసారి ఏకంగా నర్సునే వెంటబెట్టుకొచ్చాడు. ఖర్చంతా తనదేనట. టైలర్‌కు ఒళ్లు మండిపోయింది.

"నాకు రోగముంటే నీకెందుకయ్యా, దారిన పోయేవాడివి! ఇంకోసారి ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా!"

"తిట్టండి, కొట్టండి. పరీక్ష మాత్రం చేయించుకోండి బాబూ," అంటూ ఆయన గోడ తడుముకుంటూ మెట్లు దిగాడు.

మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు టైలర్.

నాలుగు నెలలకు ఇస్త్రీపెట్టె తగిలి పాదం కాలింది. అదీ తెలియలేదు. పుండు పడి, వాసన వేశాక తెలిసింది.

"మోకాలి కిందికి తీసేయాలి. రేపే," అన్నాడు డాక్టరు.

టైలర్ ఆయన చేతులు పట్టేసుకున్నాడు.

"కాలు తీసేస్తే నేనేం తొక్కాలండీ? నాకు ఇంకో పని రాదు! మీకు దణ్ణం పెడతా, ఏదో ఒకటి చేయండి!"

"ముందే వచ్చి ఉంటే ఈ షుగరు మాత్రలతోనే అదుపులో ఉండేది. పుట్టుకతోనే జన్యువుల్లో కొన్ని తేడాలుంటాయి. కన్నవాళ్లకో తోబుట్టువులకో షుగరుంటే మనకూ ముప్పెక్కువ. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా వంశంలోనే లేదండీ!"

మంచం పక్కనే ఉన్న అమ్మ తల బాదుకుంది.

"పాపం నాదిరా నాయనా! నా నోరు పడిపోను! ఆ గుండీలాయన..."

"ఆయన్ని పిలిపించమ్మా! కాళ్ల మీద పడతాను. ఆయనకేదో తెలుసు!"

"ఎక్కడున్నాడురా పిలవడానికి? పోయి నెల దాటింది. షుగరే. ముందు చూపు పోయింది, తర్వాత కిడ్నీలు. 'నేనెవరో చెప్పొద్దులే అమ్మా, పరీక్ష మాత్రం చేయించు' అని నన్నెంత బతిమాలాడో! నువ్వెక్కడ నాకు కాకుండా పోతావోనని నేను నోరు మెదపలేదు."

"ఎవరమ్మా ఆయన?"

అమ్మ వెక్కుతూ అంది.

"నీ కన్నతల్లి పోయిన మర్నాడు, పదేళ్లవాడు, నెలల పిల్లాడివైన నిన్ను తెచ్చి నా ఒళ్లో పెట్టింది వాడేరా... నీ తోడబుట్టిన అన్న."