మాడిన పళ్లేలు

"మా ఇంట్లో పొయ్యిలో మొహం చూసుకోవచ్చమ్మా!" అంటూ వెల్మా కరెంటు పొయ్యి కాయిళ్లు ఊడదీసి, వాటి కింది పళ్లేలను సింకులో పడేసింది. పొంగిన సూపు, పాలు మాడిపోయి వాటి మీద నల్లగా అట్టకట్టాయి. డేటన్‌లో కొడుకు కాపురం చూడ్డానికి ఆమె పొద్దున్నే బస్సు దిగింది.

కోడలు డెనీస్ మొహం ఎర్రబడింది. "నిన్ననే తోముదామనుకున్నానత్తయ్యా. ఇటివ్వండి."

"నిన్నటి మాడా ఇది? పొయ్యి తోమకుండా నేను ఒక్క రాత్రీ పడుకోలేదు తెలుసా!"

పళ్లేలు ఇవ్వకుండా వెల్మాయే వంట సోడా చల్లి స్టీలు పీచుతో రుద్దసాగింది. బల్ల దగ్గరున్న కొడుకు కర్టిస్ మెల్లగా అన్నాడు.

"నాన్న కారు చప్పుడు వినిపిస్తే ఇంకా గట్టిగా రుద్దేదానివమ్మా. మరక కనిపిస్తే గిన్నెలు విసిరేవాడు."

వెల్మా చెయ్యి ఆగిపోయింది. "నువ్వు నిద్రపోయేవాడివిగా?"

"నిద్ర పట్టేది కాదు."

కోడలి ముందు ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ శుభ్రమని గొప్పగా చెప్పుకున్నది ఒట్టి భయమేనని కొడుక్కి చిన్నప్పుడే తెలుసు.

తలెత్తకుండానే కోడల్ని అడిగింది. "ఇక్కడ మాడితే... వీడేమంటాడే?"

"ఏమంటాడత్తయ్యా? సగంసార్లు మాడ్చేది తనే. కిటికీ తీసి పిజ్జా తెప్పిస్తాడు."

చేతిలోని పళ్లేనికి నలుపింకా వదల్లేదు. వెల్మా దాన్ని అలాగే తుడిచి పొయ్యిలో పెట్టేసింది.

"ఇందాక అన్నది మనసులో పెట్టుకోకే," అంది.