దొరబాబు కొడుకు

“కోడలా, ఆ మెడ చూడవే! అచ్చం ముత్తాత మెడే!”

మావయ్య కంచె పట్టుకుని మునివేళ్ల మీద నిలబడి మురిసిపోతున్నాడు. ఆయన చూస్తున్నది చేతిలో ఉన్న వంశవృక్షాన్ని. గుర్రప్పిల్ల ఇంకా వ్యానులోంచి పూర్తిగా దిగనేలేదు.

“తోక తప్ప నాకేం కనబడట్లేదు మావయ్యా.”

“తోక నాయనమ్మది!”

మేనకోడలు నవ్వు ఆపుకుంది. గుర్రాల ఫారం అత్తయ్యది, అందులో గుర్రాల ఆలనాపాలనా మేనకోడలిది, గొప్పలు చెప్పుకోవడం మావయ్యది. దొరబాబు అనే కుర్ర మగగుర్రాన్ని ఏరికోరి తెచ్చింది ఆయనే. ఏడు తరాల్లో ఎటు చూసినా కప్పులు గెలిచినవాళ్లేనట. అయితే ఈ పందెం గుర్రాల లోకంలో వంశం గొప్ప పిల్లలు పరుగు మొదలెట్టేదాకే. ఆ తర్వాత తండ్రి విలువ పిల్లలే తేలుస్తాయి. దొరబాబు పిల్లలు తేల్చాయి కూడా. పరిగెత్తమంటే ఒకటి గడ్డి వెతుక్కుంది, ఇంకొకటి వెనక్కి తిరిగింది. మిగిలింది చిన్నదొర అనే ఈ ఎర్రపిల్ల ఒక్కటే. పాలు మానగానే శిక్షకుడి దగ్గరికి వెళ్లి, మళ్లీ ఈరోజే ఇంటి ముఖం చూస్తోంది.

“ముందే చెబుతున్నా,” అంది అత్తయ్య, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “ఇద్దరు మగాళ్లని మేపడం ఇక నా వల్ల కాదు. వీడు ఇవాళ్టి పందెంలో పక్క ఫారం పిల్లల మీద గెలిచాడా, దొరబాబు ఉంటాడు, పేరయ్య ఇదే వ్యానులో వెళతాడు. ఓడాడా, దొరబాబే వెళతాడు. మీ వంశవృక్షాలన్నీ పొయ్యిలోకి వెళతాయి.”

“గెలవకపోతే నేనూ అదే వ్యానెక్కుతా!” అన్నాడు మావయ్య.

“మాట మీద ఉండండి మరి.”

పేరయ్య అంటే మేనకోడలికి ప్రాణం. తెల్లటి ముసలి మగగుర్రం. ఏ తరంలోనూ ఒక్క కప్పు లేదు. వాడి ఉద్యోగం ఆడగుర్రాల దగ్గరికి వెళ్లి మనసు కనుక్కోవడం. ఆవిడగారు సరేనన్న సూచన ఇవ్వగానే వీణ్ని బయటికి ఈడ్చుకొచ్చి, దొరబాబును లోపలికి పంపుతారు. పెళ్లిచూపులు వీడివి, పెళ్లి వాడిది. అందుకే పేరయ్య అని పేరు. ఇకపై ఆ పని పక్క ఫారం పొట్టిగుర్రం చేసిపెడుతుందట.

చిన్నదొర ఓడిపోతే బాగుణ్ణని ఆమె మనసులో అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా.

శిక్షకుడు పిల్లను ముందుకు తెచ్చాడు. కళ్ల దగ్గర రంధ్రాలున్న ముసుగు ఒకటి దాని తలకి తొడిగి ఉంది.

“ముసుగెందుకు?” అంది అత్తయ్య.

“పక్కచూపులు ఎక్కువండి వీడికి. నా దగ్గర ఎప్పుడూ ముసుగులోనే.”

“అబ్బ, ఒక్క తెల్లపిల్లైనా పుట్టదేం మనకి? పేరయ్యలా తెల్లగా ఉంటే ఎంత ముద్దొస్తుందో!”

“ఎలా పుడుతుందే? తల్లో తండ్రో తెల్లగా ఉండాలి,” అన్నాడు మావయ్య. “వీడి అమ్మా ఎర్రదే, దొరబాబూ ఎర్రవాడే. అయినా తెల్లగుర్రాలు పుట్టుకతో తెల్లగా ఉండవు. పేరయ్య కూడా ఎర్రగానే పుట్టాడు. ముందు కళ్ల చుట్టూ నెరిసి, తర్వాత ఒళ్లంతా పాకింది.”

“మీకు మీసంతో మొదలైనట్టు.”

“నాది రంగేస్తే దాగుతుందిలే!”

జెండా ఊపారు. చిన్నదొర అందరికంటే వెనకబడ్డాడు. సగం దూరం మిగతావాళ్ల కాళ్ల దుమ్మంతా తిన్నాడు. అత్తయ్య వ్యాను వంకా, మావయ్య వంకా మార్చి మార్చి చూసింది. మావయ్య వంశవృక్షాన్ని నలిపేస్తున్నాడు. అంతలో ఏమైందో ఏమో, ఎర్రపిల్ల మెడ చాచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చేసి, గీత దగ్గర తన వెనక బోలెడంత ఖాళీ వదిలింది.

“చూశావా? తాత ఊపు! ముత్తాత గుండె!” మావయ్య చిందులేశాడు. అత్తయ్య నలుగురున్నారని కూడా చూడకుండా ఆయన్ని వాటేసుకుంది.

మేనకోడలు చప్పట్లు కొట్టింది, కళ్లు తుడుచుకుంది. తర్వాత వెళ్లి పేరయ్యను తనే తెచ్చింది. గుర్రం ఆమె భుజం మీద తల ఆనించింది.

“వెళ్లు నాన్నా. అక్కడైనా బుద్ధిగా ఉండు. పెదాలతో గడియలు తీసి ఆడవాళ్ల దొడ్లోకి దూరకు. ఇక్కడ నేను గనక తాళం కొన్నాను, వాళ్లు కర్ర కొంటారు.”

పేరయ్య గోల చేయకుండా వ్యానెక్కాడు. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది.

“ఏడుపాపి ఇటు రావే,” అని పిలిచాడు మావయ్య. “మావాడి ముఖం కడుగు, ఫొటో తీయాలి. రేపే రక్తం పరీక్షకు పంపి పేరు నమోదు చేయించేద్దాం. తండ్రి దొరబాబు అని అచ్చులో పడాలి!”

“బండి తియ్యమంటారా అండీ?” గేటు దగ్గర్నుంచి డ్రైవరు కేకేశాడు.

“తియ్యవయ్యా, ఇంకా చూస్తావేం!”

మేనకోడలు ముసుగు విప్పింది. పిల్ల ముఖమంతా దుమ్ము, కళ్ల చుట్టూ మరీ తెల్లగా. తడిగుడ్డతో తుడిచింది. నుదురు ఎర్రగా మెరిసింది, ముక్కు మెరిసింది. గుడ్డ పిండి, కళ్ల చుట్టూ ఈసారి గట్టిగా రుద్దింది.

తెలుపు పోలేదు.